నడిగడ్డను నడిపిస్తున్న చుట్టరికం

2018 డిసెంబర్ 11న గద్వాల ఓట్ల లెక్కింపు ముగిసేసరికి టీఆర్ఎస్ అభ్యర్థి బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి 28 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఓడిపోయింది 2004 నుంచి వరసగా మూడుసార్లు అక్కడ గెలిచిన మాజీ మంత్రి డి.కె. అరుణ. డీకే వారి కాలం అయిపోయిందని ఆ సాయంత్రం చాలామంది అనుకున్నారు. అయితే గెలిచినాయన ఓడినామెకు మేనల్లుడు. అప్పటికి దాదాపు పదేళ్లుగా ఆ సీటు కోసం తలపడుతున్నది ఆ ఇద్దరే. 2009లో తెలుగుదేశం తరఫున, 2014లో టీఆర్ఎస్ తరఫున నిలబడి రెండుసార్లూ ఆయన ఆమె చేతిలో ఓడారు. మూడోసారి లెక్క తిరగబడింది. ఇప్పుడామె మహబూబ్‌నగర్ లోక్‌సభ సభ్యురాలు, ఆయన గద్వాలకు రెండోసారి శాసనసభ్యుడు. కాలం అయిపోయిందనుకున్న బంధువర్గం చేతిలో ఒక పదవి ఉన్నచోట రెండున్నాయి.

కుటుంబ రాజకీయం మీద మనకు రాతలు తక్కువేం లేవు. కానీ అవన్నీ నిమ్మకూరు, పులివెందుల, చింతమడకల చుట్టే తిరుగుతాయి. ముఖ్యమంత్రి కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుందా, అల్లుడికి వస్తుందా, అన్నాచెల్లెళ్ల మధ్య ఎందుకు చెడింది అన్నదే అక్కడి చర్చ. జిల్లాలో, నియోజకవర్గంలో, తాలూకా కేంద్రంలోని ఒక ఇంట్లో అధికారం తరాల తరబడి ఎలా నిలుస్తుందన్న ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మామూలు మనిషి బతుకు మీద ఎక్కువ ప్రభావం చూపేది మాత్రం ఆ ఇల్లే. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి పాలమూరు నుంచి విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను ఒకచోట పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు కొంత దొరుకుతుంది. గద్వాలలో ఒక కుటుంబం పాతుకుపోయింది, పక్కనే ఉన్న వనపర్తిలో అలా జరగలేదు. నాగర్‌కర్నూల్‌లో జరిగింది, కానీ ఇంకో రకంగా.

ముందు సంస్థానాల సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేల కాబట్టి గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. పెద్ద సోమభూపాలుడు కట్టించిన కోట ఇప్పటికీ గద్వాల నడిబొడ్డున ఉంది. పండితులను, కవులను పోషించినందుకు ఆ సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరొచ్చింది. నిజాం ఏలుబడిలో చివరిదాకా పాలించినావిడ మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పేరుతో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల కోట లోపలే నడుస్తోంది. పోలీసు చర్య తర్వాత సంస్థానం పోయింది. రాజవంశీకుడు కృష్ణరాంభూపాల్ ఒకసారి శాసనసభకు వెళ్లారు. ఆ ఇంటి రాజకీయం అంతకుమించి సాగలేదు.

వనపర్తి జనుంపల్లి వారిది ఇంతకన్నా పెద్ద కథ. రాజా రామేశ్వరరావు 1957 నుంచి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. అంతకుముందు విదేశాల్లో భారత ప్రతినిధిగా పనిచేశారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. వనపర్తి రాజమహల్లో పాలిటెక్నిక్ పెట్టించారు, దాన్ని ప్రారంభించడానికి నెహ్రూ వచ్చారు. అదే ఇంటి కోడలు కుముదినీదేవి 1962లో హైదరాబాద్ మేయరయ్యారు, ఆ పదవిలో కూర్చున్న తొలి మహిళ ఆమే. అదే ఏడాది వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు, పదేళ్లు ఆ స్థానంలో ఉన్నారు. కుష్ఠు రోగుల కోసం కూకట్‌పల్లిలో ఆమె నెలకొల్పిన శివానంద ఆశ్రమం ఈనాటికీ ఉంది. 1970ల తర్వాత ఈ ఇల్లు వనపర్తి ఎన్నికల్లో పెద్దగా కనిపించదు. రాజమహలు బడిగా మిగిలింది, ఓట్లు అడిగే బంగ్లాగా మారలేదు. తర్వాత చిన్నారెడ్డి, రావుల చంద్రశేఖర్‌రెడ్డి, నిరంజన్‌రెడ్డి, మేఘారెడ్డి వంటి వాళ్లు ఆ సీటులో గెలుస్తూ ఓడుతూ వచ్చారు. వీళ్లంతా ఒకే కులం వాళ్లన్న మాట నిజమే. కానీ ఒకరికొకరు తండ్రీకొడుకులు కారు, అత్తా అల్లుళ్లూ కారు. వనపర్తి ఓటరుకు పార్టీ మారితే ఇల్లు కూడా మారుతుంది. గద్వాల ఓటరుకు ఆ అవకాశం చాలా అరుదుగా దొరికింది.

రాజులు తప్పుకున్న చోట ఎవరు నిలబడ్డారన్నదే అసలు ప్రశ్న. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఆ తర్వాత కౌలుదారీ చట్టం వచ్చింది, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. కానీ ఊళ్లో పటేల్, పట్వారీ వ్యవస్థ 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా నిలిచే ఉంది. భూమి రికార్డు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉన్నట్టే. సంస్థానం కింద ఊళ్లను చూసుకున్న భూస్వామ్య రెడ్డి కుటుంబాలే ప్రజాస్వామ్యంలో ఊళ్లకు ప్రతినిధులయ్యాయి. డీకే కుటుంబం ఆ తరగతిలోదే.

డి.కె. సత్యారెడ్డి శాసనసభ్యుడయ్యారు. ఆయన పెద్ద కొడుకు సమరసింహారెడ్డి కాంగ్రెస్ తరఫున ఒకటికి మించిన సార్లు గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యారు. ఇక్కడిదాకా ఇది దేశంలో ఎక్కడైనా కనిపించే వరసే. 1994లో జరిగింది మాత్రం వేరు. రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. తెలుగుదేశం ఒక్కటే 216 స్థానాలు గెలిచింది, కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది. గద్వాలలో మాత్రం అన్న సమరసింహారెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి, తమ్ముడు భరతసింహారెడ్డి స్వతంత్ర అభ్యర్థి. గెలిచింది తమ్ముడు. అంత పెద్ద గాలి కూడా ఆ ఇంటి గేటు దగ్గర ఆగిపోయింది. మంత్రిగా చేసినాయనను ఓడించాలని జనం అనుకున్నా, చేతికి అందిన ప్రత్యామ్నాయం ఆయన తమ్ముడే.

నడిగడ్డలో అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ఒకే బంధువర్గంలో ఉండే ఏర్పాటు ఆ ఎన్నికతోనే స్థిరపడింది. 1994లో అన్నదమ్ములు, 2009 నుంచి అత్తా మేనల్లుడు. వాళ్లు కావాలని ఆడిన నాటకం ఇదని నేననడం లేదు. ఆ తగాదాలు నిజమైనవే, కొన్ని కోర్టుల దాకా వెళ్లాయి. కానీ ఫలితం చూడండి. కోపం వచ్చిన ఓటరు ఎవరి మీదికి మళ్లినా చుట్టరికం గీత దాటడం లేదు. 

దాటిన సందర్భం ఒకటుంది. 1999లో తెలుగుదేశం అభ్యర్థిగా బీసీ నాయకుడు గట్టు భీముడు గెలిచారు, అప్పుడు ఓడింది అరుణే. ఈ గెలుపు గాల్లోంచి ఊడిపడలేదు. పటేల్, పట్వారీలు పోయి మండలాలు వచ్చాక మండలాధ్యక్ష పదవుల కోసం ప్రత్యక్ష ఎన్నికలు జరిగాయి. బీసీ కులాల నుంచి కొత్త నాయకులు ఆ మెట్ల మీదుగానే పైకొచ్చారు. నడిగడ్డ జనాభాలో బోయలు, కురువలు తదితర బీసీ కులాలది పెద్ద వాటా. ఆ సంఖ్యకు తగ్గ ప్రాతినిధ్యం అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ వాళ్లకు దక్కలేదు. గట్టు భీముడు గెలుపును ఒక్క ఎన్నికతో ముగిసిన ప్రయోగంగా వదిలేశారు తప్ప, ఏ పార్టీ కూడా దాన్ని దారిగా మలచలేదు. నా దృష్టిలో గద్వాల చరిత్రలో అన్నిటికంటే విలువైన ఎన్నిక అదే.

అరుణ విషయానికొస్తే, ఆమెను భరతసింహారెడ్డి భార్యగా, డీకే కోడలిగా మాత్రమే చూడటం పొరపాటు. ఆమె పుట్టింది ధన్వాడ చిట్టెం వారింట. తండ్రి చిట్టెం నర్సిరెడ్డి జనతా రాజకీయాల్లో ఎదిగి మక్తల్ నుంచి పలుమార్లు గెలిచారు, 2004లో కాంగ్రెస్ తరఫున మళ్లీ శాసనసభ్యుడయ్యారు. అదే ఏడాది పొత్తులో గద్వాల సీటును కాంగ్రెస్ టీఆర్ఎస్‌కు వదిలేస్తే, అరుణ ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియని సమాజ్‌వాదీ పార్టీ టికెట్టు తెచ్చుకుని గెలిచారు. అంతకుముందు 1996లో, 1998లో మహబూబ్‌నగర్ లోక్‌సభకు, 1999లో గద్వాల అసెంబ్లీకి ఓడిన మనిషి ఆమె. వరసగా మూడుసార్లు ఓడాక కూడా నిలబడే ఓపిక, ఖర్చు పెట్టుకునే స్తోమత, వెంట నడిచే కేడర్ ఎంతమందికి ఉంటాయి? ఓటమిని తట్టుకునే శక్తే కుటుంబ రాజకీయానికి అన్నిటికన్నా పెద్ద ఆస్తి. అదే పనిచేసిన బీసీ యువకుడు ఒక్క ఓటమితో అప్పులపాలై ఇల్లు అమ్ముకుంటాడు.

2005 ఆగస్టు 15. నారాయణపేటలో స్వాతంత్ర్య దినోత్సవాల్లో పాల్గొంటున్న నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. కొడుకు వెంకటేశ్వర్‌రెడ్డితో పాటు మరికొందరూ ఆ దాడిలో చనిపోయారు. రెండు రోజుల్లోపే వై.ఎస్. ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం పెట్టింది. ఉపఎన్నికలో ఇంకో కొడుకు రామ్మోహన్‌రెడ్డి మక్తల్ నుంచి గెలిచారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2023లో, హతుడైన వెంకటేశ్వర్‌రెడ్డి కూతురు, డాక్టర్ చదివిన పర్ణికారెడ్డి నారాయణపేట ఎమ్మెల్యే అయ్యారు. ఒకే రోజు తాతను, తండ్రిని కోల్పోయిన పిల్ల ప్రజాజీవితంలోకి రావడాన్ని వారసత్వం అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు సాధ్యం కాదు. అందులో ధైర్యం ఉంది. జనం ఆ ఇంటి మీద చూపించే అభిమానమూ కల్లబొల్లిది కాదు.

ఇలాంటి చోటే అమెరికాలోని కెనడీలు గుర్తుకొస్తారు. బోస్టన్‌లో సారా దుకాణాలు నడుపుతూ రాష్ట్ర చట్టసభకు వెళ్లిన పాట్రిక్ కెనడీ మొదటి తరం. ఆయన కొడుకు జోసెఫ్ డబ్బు గడించి బ్రిటన్‌కు రాయబారిగా వెళ్లాడు. మనవడు జాన్ 1960లో అధ్యక్షుడిగా ఎన్నికై 1963లో హత్యకు గురయ్యాడు. ఇంకో మనవడు రాబర్ట్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ప్రచారం చేస్తూ 1968లో హతుడయ్యాడు. మూడో మనవడు ఎడ్వర్డ్ 1962 నుంచి 2009లో చనిపోయేదాకా సెనేట్‌లో కూర్చున్నాడు. ఇంట్లో జరిగిన చావుల వల్ల వచ్చిన జనం సానుభూతి ఆ ఇంటి రాజకీయానికి అండగా నిలిచింది. ఆ కుటుంబంలోనూ ఇప్పుడు చీలిక వచ్చింది. రాబర్ట్ కొడుకు డెమోక్రాట్లను వదిలి 2024లో ట్రంప్‌కు మద్దతిచ్చి, 2025లో ఆయన మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చేపట్టాడు. తోబుట్టువులే బహిరంగంగా ఖండించారు.

పోలికలు చాలానే ఉన్నా, తేడా ఒకటి ముఖ్యమైనది. 2020లో రాబర్ట్ మనవడొకడు మసాచుసెట్స్ సెనేట్ టికెట్టు కోసం సొంత పార్టీలోనే పోటీ పడి ఓడిపోయాడు. ఆ రాష్ట్రంలో ఆ ఇంటి పేరున్న మనిషి ఎన్నికల్లో ఓడటం అదే మొదటిసారి. ఓడించింది పార్టీ అధినేత కాదు, పార్టీలో ఓటు హక్కున్న మామూలు జనం. మన దగ్గర బీ-ఫారం మీద సంతకం హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో జరుగుతుంది. మండలంలో ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్తకు అక్కడ మాట చెల్లదు. పార్టీ పెద్దలు చూసేది గెలుస్తాడా, ఖర్చు పెట్టుకోగలడా అన్నవే. ఆ రెండు ప్రశ్నలకు సిద్ధంగా జవాబున్న ఇల్లు ప్రతి నియోజకవర్గంలో ఒకటో రెండో ఉంటుంది. కాబట్టి కుటుంబ రాజకీయానికి తప్పు కుటుంబం మీద ఎంతుందో, తలుపులు మూసుకుని టికెట్లు పంచే పార్టీల మీదా అంతే ఉంది.

దేశమంతటి లెక్కలు తీసిన పండితులు కూడా దాదాపు ఇదే చెప్పారు. కాంచన్ చంద్ర సంపాదకత్వంలో 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం రాజకీయ కుటుంబాల నుంచి వచ్చిన లోక్‌సభ సభ్యులు 2004లో సుమారు 20 శాతం, 2009లో 30 శాతం, 2014లో 22 శాతం. పార్టీల్లో అంతర్గత నిర్మాణం బలహీనంగా ఉండటం, పదవి వల్ల వచ్చే లాభం పెరగటం ఇందుకు మూలమని ఆ పుస్తకం వాదన. 2009 లోక్‌సభను పరిశీలించిన రచయిత పాట్రిక్ ఫ్రెంచ్ మరో సంగతి బయటపెట్టాడు. 30 ఏళ్లలోపు సభ్యులంతా వారసులే. మహిళా సభ్యుల్లో 69 శాతానికి పైగా కుటుంబం వెంట వచ్చినవాళ్లే.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. వనపర్తిలో కుముదినీదేవి, గద్వాలలో అరుణ, నారాయణపేటలో పర్ణికారెడ్డి, ముగ్గురూ కుటుంబం వల్లే రాజకీయాల్లోకి వచ్చారు. దేవరకద్రలో 2009లో గెలిచిన సీతా దయాకర్‌రెడ్డి భర్త కూడా అదే ఎన్నికలో మక్తల్ నుంచి గెలిచారు. కుటుంబం అనే తలుపు మూసేస్తే పాలమూరు నుంచి శాసనసభకు ఎంతమంది ఆడవాళ్లు వెళ్లేవారు? చాలా తక్కువ. అది నిజం. ఆ తలుపు ఒక్కటే తెరిచి ఉండటం వల్ల కూలి మహిళ, నేత మహిళ, బడిపంతులమ్మ బయటే ఉండిపోయారన్నదీ నిజమే. 2023లో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ అమల్లోకి వచ్చినప్పుడు ఈ కుటుంబాల కూతుళ్లు, కోడళ్లే మొదట లబ్ధి పొందుతారన్న భయం నాకుంది. మహిళా సర్పంచుల విషయంలో భర్తలే పెత్తనం చేయడం మనం ఇప్పటికే చూశాం. అరుణ విషయంలో మాత్రం ఆ మాట అనలేం. ఆమె రాజకీయం ఆమెదే. సమాచార శాఖ మంత్రిగా, 2016లో గద్వాల జిల్లా కోసం జరిగిన ఆందోళనలో ముందున్న నాయకురాలిగా ఆమె మాట ఆమే చెప్పుకున్నారు. జిల్లాల మొదటి జాబితాలో లేని గద్వాల చివరి జాబితాలోకి వచ్చిందంటే ఆ పట్టుదలకు అందులో వాటా ఉంది.

ఇక ఆ ఇంటి బలం ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. గద్వాలలో బంగ్లా అంటే ఏ బంగ్లా అని ఎవరూ అడగరు. పొద్దున్నే అక్కడికి వెళ్లే పనులు ఎలాంటివి? పాసుపుస్తకంలో తప్పు పడ్డ సర్వే నంబరు, స్టేషన్‌లో కూర్చోబెట్టిన కొడుకు, నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్వోసీ (ప్రభుత్వ హామీ పత్రం), పిల్ల పెళ్లికి శుభలేఖ. ఇందులో దేనికీ నిజానికి ఎమ్మెల్యే అక్కర్లేదు. తహసీల్దారు తన పని తాను చేస్తే, ఎస్సై చట్టం ప్రకారం నడిస్తే, జిల్లా ఆసుపత్రిలో వైద్యం దొరికితే జనం ఎవరి బంగ్లా ముందూ నిలబడరు. దానికితోడు ప్రభుత్వాలు తెచ్చే పథకాలే ఎమ్మెల్యేను ద్వారపాలకుడిని చేశాయి. కల్యాణలక్ష్మి దరఖాస్తుకు ఎమ్మెల్యే ఆమోదం కావాలి, చెక్కు ఆయన చేతుల మీదుగానే అందాలి. దళితబంధు మొదలైనప్పుడు లబ్ధిదారుల ఎంపిక కూడా ఎమ్మెల్యేలకే అప్పగించారు. హక్కుగా రావాల్సింది దయగా వస్తే, ఇచ్చిన ఇంటికి రుణపడి ఉండటం మన పల్లె మనిషి స్వభావం. ఆ రుణం పార్టీకి రాదు, ఇంటికే వస్తుంది. అందుకే చేతి గుర్తు పోయి ఇంకేదో గుర్తు వచ్చినా ఓటు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

రెండో బలం విత్తన పత్తి. గద్వాల చుట్టుపక్కల ఊళ్లు దేశానికి పత్తి విత్తనం పండించే ముఖ్య కేంద్రాల్లో ఒకటి. విత్తన కంపెనీ నేరుగా రైతు దగ్గరికి రాదు. మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు, అతని కింద సబ్ ఆర్గనైజర్. పెట్టుబడికి అప్పు ఆర్గనైజరే ఇస్తాడు, వడ్డీ అతనే వేస్తాడు, విత్తనం అతనే కొలుస్తాడు. శాంపిల్ పరీక్షలో ఫెయిలైందంటే రైతుకు డబ్బు రాదు, అప్పు మాత్రం నిలబడుతుంది. చాలాచోట్ల రైతు చేతిలో ఒప్పంద పత్రం కూడా ఉండదు. పంట పని చూస్తే ఇంకా కష్టం. మధ్యాహ్నం పూట ఆడ మొక్క మొగ్గలు ఒక్కొక్కటే పట్టుకుని పైరెక్కలు, లోపలి కేసరాలు గోటితో ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గకు పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. వారాల తరబడి రోజూ చేయాలి, ఎకరానికి బోలెడు చేతులు కావాలి. చిన్న వేళ్లు, తక్కువ కూలి అన్న లెక్కతో ఆడపిల్లలను ఈ పనిలోకి దించడం ఏళ్ల తరబడి సాగింది. క్రాసింగ్ రోజుల్లో బడి రిజిస్టర్‌లో గైర్హాజరు గీతలు పెరిగాయి.

ఊరి ఆర్గనైజర్ ఏ వర్గంలో ఉంటే ఊరి అప్పులున్న రైతులంతా ఇంచుమించు ఆ వర్గమే. ఎన్నికలప్పుడు నాయకులు ఇంటింటికీ తిరిగేముందు ఆర్గనైజర్ ఇంటికి వెళ్తారు. ఇన్నేళ్లలో ఎవరు ఎమ్మెల్యేగా ఉన్నా, ఏ పార్టీ ఏలినా, విత్తన రైతుకు రాతపూర్వక ఒప్పందం, నిర్ణీత గడువులో చెల్లింపు అన్న రెండు చిన్న కోరికలు పూర్తిగా నెరవేరలేదు. కుటుంబాల పోటీలో పరిష్కారం దొరకని సమస్య ఏదైనా ఉందంటే ఇదే. ఎందుకంటే ఇద్దరు పోటీదారులూ అదే ఆర్గనైజర్ల మీద ఆధారపడ్డవాళ్లు.

నీళ్ల సంగతిలో మాత్రం కుటుంబాల పోటీ కొంత మేలు చేసింది. ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కింద ఈ ప్రాంతానికి 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది, చివరి భూములకు నీళ్లు రాక దశాబ్దాలుగా రైతులు పోరాడుతున్నారు. జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. జూరాల వెనుక జలాలను గుడ్డెందొడ్డి, ర్యాలంపాడు మీదుగా ఎత్తిపోసి 2 లక్షల ఎకరాలకు ఇవ్వాల్సిన నెట్టెంపాడు వై.ఎస్. హయాంలో మొదలైంది. 2018 ఎన్నికల ముందు జూన్‌లో కేసీఆర్ గట్టు ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. అత్త తెచ్చిన నీళ్లా, అల్లుడు తెచ్చిన నీళ్లా అన్న వాదన ప్రతి ఎన్నికలో జరుగుతుంది. ఆ వాదన వల్లే కాలువల ఊసు సభల్లో వినిపించిందని ఒప్పుకోవాలి. బడుల గురించి అలాంటి పోటీ ఒక్కసారి కూడా జరగలేదు.

నాగర్‌కర్నూల్ వైపు వస్తే చిత్రం మారుతుంది. లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. మల్లు అనంతరాములు 1980లో, 1989లో ఇక్కడ గెలిచారు. ఆయన మరణం తర్వాత తమ్ముడు మల్లు రవి 1991లో, 1998లో, మళ్లీ 2024లో గెలిచారు. ఇంకో తమ్ముడు భట్టి విక్రమార్క ఉపముఖ్యమంత్రి. 2024లో రవి మీద బీజేపీ నిలబెట్టింది అప్పటి సిట్టింగ్ ఎంపీ రాములు కొడుకుని. శాసనసభ స్థానంలో, ఎన్నోసార్లు పోటీ చేసి గెలవలేకపోయిన కూచుకుళ్ల దామోదర్‌రెడ్డి ఎమ్మెల్సీ అయితే, కొడుకు రాజేశ్‌రెడ్డి 2023లో తొలిసారే ఎమ్మెల్యే అయ్యారు. దళిత కుటుంబంలో రెండో తరం, మూడో తరం నాయకత్వం రావడాన్ని, భూస్వామ్య కుటుంబంలో రావడాన్ని ఒకే తూకంలో వేయలేం. ఖమ్మం జిల్లా పల్లె నుంచి వచ్చిన మల్లు సోదరుల వెనక కోటలూ లేవు, పటేల్‌గిరీ లేదు. అయినా రిజర్వుడు స్థానాల్లో కూడా రెండు మూడు ఇళ్లే వంతులు పంచుకుంటే, ఆ కులాల్లోని మిగతా యువకుల దారి మూసుకుపోతుంది. ఈ ప్రశ్నను దళిత సంఘాలే గట్టిగా లేవనెత్తాలి.

2023, 2024 ఎన్నికలు ఈ చుట్టరికాన్ని పూర్తిగా బయటపెట్టాయి. మక్తల్‌లో రామ్మోహన్‌రెడ్డి బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) అభ్యర్థిగా ఓడారు. నారాయణపేటలో ఆయన అన్నదమ్ముల బిడ్డ పర్ణికారెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా బీఆర్ఎస్‌ను ఓడించారు. గద్వాలలో కృష్ణమోహన్‌రెడ్డి బీఆర్ఎస్ నుంచి రెండోసారి గెలిచారు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌గా ఉండి కాంగ్రెస్‌లో చేరిన సరిత ఆయన మీద 7 వేల ఓట్ల తేడాతో ఓడారు. అరుణ ఆ ఎన్నికలో నిలబడలేదు, బీజేపీ టికెట్టు బోయ వర్గానికి చెందిన అభ్యర్థికి వెళ్లింది, ఆయన గెలవలేదు. 2019లో 77 వేలకు పైగా తేడాతో మహబూబ్‌నగర్ లోక్‌సభకు ఓడిన అరుణ 2024లో అదే స్థానంలో చల్లా వంశీచంద్‌రెడ్డి మీద 4,500 ఓట్లతో గెలిచారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంత నియోజకవర్గం కొడంగల్ ఉన్న స్థానమది. అందులో గద్వాల లేదు, అది నాగర్‌కర్నూల్ కిందికి వస్తుంది. మక్తల్, నారాయణపేట మాత్రం ఉన్నాయి. అంటే మెట్టినింటి నేల రిజర్వుడు స్థానంలోకి వెళ్లినా పుట్టింటి నేల ఆమెను ఢిల్లీ పంపింది. మేనకోడలు కాంగ్రెస్, తమ్ముడు బీఆర్ఎస్, తాను బీజేపీ. రాష్ట్రంలో ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా ఆ బంధువర్గంలో ఒకరికి చోటుంటుంది.

కోర్టుల పాత్ర కూడా చెప్పాలి. 2018 ఎన్నిక అఫిడవిట్‌లో వివరాలు దాచారన్న అరుణ పిటిషన్ మీద హైకోర్టు 2023 ఆగస్టు 24న తీర్పిచ్చింది. కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నికను రద్దు చేసి అరుణనే ఎమ్మెల్యేగా ప్రకటించింది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, ఆ తర్వాత సభ గడువే ముగిసింది. నాలుగున్నరేళ్ల తర్వాత తేలిన తీర్పు ఓటరుకు ఏం న్యాయం చేసింది? రెండోసారి గెలిచిన కృష్ణమోహన్‌రెడ్డి 2024 జులైలో కాంగ్రెస్‌లో చేరారు. కొన్నాళ్లకే బీఆర్ఎస్ నేతలతో కనిపించి, మళ్లీ ముఖ్యమంత్రి పక్కన కనిపించారు. ఆయనతో సహా 10 మంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చి 40 ఏళ్లు దాటింది. నడిగడ్డలో అది ఎవరినీ ఆపలేదు.

ఈ కుటుంబాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. నీళ్లకోసం కొట్లాడారు, జిల్లా తెచ్చారు, ఆపదలో తలుపు తట్టిన మనిషిని పలకరించారు. కానీ ఇన్నేళ్ల పెత్తనానికి ఒక కొలబద్ద ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణ జిల్లాలన్నిటిలోనూ అట్టడుగు స్థానం ఇదే. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. పండితులకు పేరుపడ్డ గడ్డ మీద అప్పటికి సగం మందికి చదవడం, రాయడం రాదు. మంత్రులుగా, ఎమ్మెల్యేలుగా ఉన్న బంధువర్గం ఈ అంకెకు జవాబుదారీ. ఈ విషయంలో నా తీర్పు స్పష్టం: వాళ్లు ఓడిపోయారు, ఎన్నికల్లో ఎన్నిసార్లు గెలిచినా.

పార్టీలకు ఒక విన్నపం. గద్వాల టికెట్టు మీద నిర్ణయాన్ని మండలాల్లోని మీ సభ్యులకు వదిలి చూడండి, 1999 మళ్లీ రావచ్చు. బీసీలకు 42 శాతం వాటా కోసం 2025 మార్చిలో శాసనసభలో చేతులెత్తిన పార్టీలు బీ-ఫారాల దగ్గర ఆ మాట నిలబెట్టుకోవాలి. నడిగడ్డ ఓటర్లకు ఇంకో మాట. ఈసారి ఓటడగడానికి వచ్చిన మనిషి ఏ ఇంటివారన్నది పక్కన పెట్టి, క్రాసింగ్ రోజుల్లో మీ ఊరి బడి హాజరు పట్టీ చూశారా అని అడగండి. విత్తన పత్తి ఒప్పందం కాగితం మీద రాయిస్తారా అని అడగండి. జవాబు రాకపోతే ఇంకొకరికి ఓటేయండి, ఆ ఇంకొకరు వాళ్ల చుట్టం కాకుండా చూసుకోండి.